ఎర్రగుట్ట రహస్యం

పిల్లలూ! పోయిన నెల ఈ పేజీలో ఇనపమేకుకు తుప్పు ఎందుకు పడుతుందో చెప్పుకున్నాం. గాలి ఉండి నీరు లేకపోయినా, నీరు ఉండి గాలి లేకపోయినా మేకు చెక్కుచెదరదనీ, రెండూ కలిస్తేనే తుప్పు పుడుతుందనీ తెలుసుకున్నాం. ఈ నెల రాయికి తుప్పు పట్టే కథ చెప్పుకుందాం.

“రాయికి తుప్పేమిటి?” అని నవ్వకండి. కొన్ని రాళ్లకు నిజంగానే తుప్పు పడుతుంది. పట్టి ఊరుకోదు. ఏళ్ల తరబడి, ఒక్కొక్కచోట వందల ఏళ్ల తరబడి ఏళ్లలోకీ చెరువుల్లోకీ కారుతూ ఉంటుంది. చేపలను చంపుతుంది. మళ్లీ ఆ తుప్పే వేలాది ఇళ్ల గోడలకు అందమైన రంగు కూడా అయింది!

ఈ కథ జరిగిన ఊరి పేరు ఫాలున్. అది ఐరోపా ఖండానికి ఉత్తరాన, చలి ఎక్కువగా ఉండే స్వీడన్ దేశంలో ఉన్నది.

ఆ ఊళ్లో పెద్దవాళ్లు పిల్లలకు ఒక మేక కథ చెబుతారు. ఎప్పుడో పూర్వకాలంలో అక్కడ కోరె అనే మేకపోతు ఒకటి ఉండేదట. అది రోజూ అడవికి పోయి మేసి, సాయంకాలానికి ఇల్లు చేరేది. ఒకనాడు అది తిరిగివచ్చేసరికి దాని కొమ్ములు ఎర్రగా ఉన్నాయి. కాపరి అది నెత్తురేమో అనుకుని కంగారుపడి చూశాడు. నెత్తురు కాదు, మట్టి! మరునాడు మేక వెంట అడవిలోకి వెళ్లి చూస్తే ఒకచోట నేలంతా ఎర్రగా ఉన్నది. మేక అక్కడ కొమ్ములు రుద్దుకున్నది. ఆ చోట తవ్వితే రాగి దొరికిందట.

మేకపోతు సంగతి ఎవరు చూశారు? అది కథ. కాని ఆ చోట రాగి దొరకడం కథ కాదు. ఫాలున్ రాగిగనిలో ఒక భాగం చేతులు మారినట్టు రాసుకున్న పత్రం 1288 నాటిది నేటికీ ఉన్నది. గని అంతకన్నా పాతది. 17వ శతాబ్దంలో ఐరోపా వాడుకున్న రాగిలో చాలా భాగం ఈ ఒక్క గనిలోనుంచే వచ్చింది. కొన్ని వందల సంవత్సరాలు స్వీడన్ రాజుల బొక్కసాన్ని నింపిన గని ఇది.

మరి రాగి ఉన్నచోట పైన ఎర్రమట్టి ఎందుకు ఉండాలి? రాగి తుప్పు పడితే ఆకుపచ్చని చిలుము అవుతుంది గదా! మీ ఇంట్లో తోమకుండా వదిలేసిన రాగిచెంబును చూడండి. ఎరుపు ఎక్కడిది?

అదే మన రహస్యం. విప్పుదాం రండి.

మెరిసే రాయి

భూమి లోపల రాగి సాధారణంగా ఒంటరిగా ఉండదు. ఇనుము, గంధకం, రాగి కలిసిన రాళ్లు ఉంటాయి. వాటి పక్కనే ఇనుము, గంధకం మాత్రమే కలిసిన మరొక రాయి ఉంటుంది. దాన్ని పైరైటు అంటారు. మన పాత వైద్యగ్రంథాల్లో మాక్షికం అని పేరుపడ్డ రాళ్ల జాతికి చెందినదే ఇదీను. చూడటానికి ఇత్తడిలాగా, బంగారంలాగా తళతళ మెరుస్తుంది. మెరిసేదంతా బంగారం కాదనే సామెత ఈ రాయిని చూస్తే ఇట్టే అర్థమవుతుంది. ఒక పాలు ఇనపపరమాణువుకు రెండు గంధకపు పరమాణువులు, ఇదీ దాని కూర్పు.

భూమిలో లోతున ఉన్నంతకాలం పైరైటు పసిపిల్లవాడిలా నిద్రపోతూ ఉంటుంది. అక్కడ నీరు ఉంటే ఉండవచ్చును గాని, ఆ నీటిలో గాలి బహు తక్కువ. పోయిన నెల పాఠం గుర్తున్నదా? గాలి, నీరు రెండూ కావాలి. కాబట్టి కోట్ల సంవత్సరాలు గడిచినా దానికి ఏమీ కాదు.

అదే రాయి నేలపైకి వస్తే సంగతి వేరు. వానలు, గాలులు పైమట్టిని కొట్టుకుపోగా, రాతిపొర కొన నేలమీదికి తేలుతుంది. అక్కడ గాలి తగులుతుంది, వాన కురుస్తుంది. మెల్లమెల్లగా, వేల సంవత్సరాలకు, ఆ రాతిలోని గంధకం కరిగి పోతుంది. ఇనుము మాత్రం తుప్పుగా మారి, ఎర్రమట్టిగా అక్కడే నిలిచిపోతుంది. అంటే ఆ ఎర్రమట్టి కింద దాగి ఉన్న ఖనిజానికి ఇనుము పెట్టిన టోపీ అన్నమాట! గనులు వెతికేవాళ్లు పూర్వంనుంచీ ఈ ఎర్రటోపీలను చూసే, ఎక్కడ తవ్వాలో గుర్తుపట్టేవారు. కోరె కొమ్ములకు అంటిన ఎరుపు ఇదే.

పటికబెల్లం లెక్క

ప్రకృతి వేల సంవత్సరాలు తీసుకుని చేసే పనిని మనిషి గని తవ్వి వేగిరపరుస్తాడు. ఎలాగో చూడండి.

ఒక పెద్ద పటికబెల్లం ముక్కను గ్లాసు నీళ్లలో వేయండి. అంతే బరువున్న ముక్కను పొడికొట్టి మరో గ్లాసులో వేయండి. ఏది ముందు కరుగుతుంది? పొడే. ఎందుకంటే పొడికి నీరు తగిలే చోటు ఎక్కువ.

రాయికీ ఇదే లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ ఒక మీటరు ఉన్న రాతిదిమ్మ ఒకటి ఉన్నదనుకోండి. దానికి ఆరు ముఖాలు. గాలి, నీరు తగిలే చోటు మొత్తం 6 చదరపు మీటర్లు. ఆ దిమ్మను సెంటీమీటరు ముక్కలుగా కొడితే 10 లక్షల ముక్కలు అవుతాయి. ఒక్కొక్క ముక్కకు 6 చదరపు సెంటీమీటర్ల చొప్పున లెక్క వేయండి. మొత్తం 600 చదరపు మీటర్లు! రాయి అదే, బరువు అదే. కాని గాలీ నీరూ తగిలే చోటు నూరు రెట్లు పెరిగింది. నేటి గనుల్లో ఖనిజాన్ని మరలలో వేసి పిండిలాగా విసురుతారు. రేణువు మిల్లీమీటరులో పదోవంతు అయిందంటే, ఆ ఒక్క దిమ్మకే 60,000 చదరపు మీటర్ల పైభాగం ఏర్పడుతుంది. అంటే సుమారు 15 ఎకరాలు!

ఫాలున్ లో ఆ రోజుల్లో మందుగుండు లేదు. రాతిగోడకు ఆనించి కట్టెలు పేర్చి నిప్పు పెట్టేవారు. వేడికి రాయి పగుళ్లు తీసేది. గునపాలతో, సుత్తులతో దాన్ని ఊడగొట్టి పైకి తెచ్చేవారు. అందులో రాగి బాగా ఉన్న రాళ్లను ఏరుకుని, రాగి తక్కువగా ఉన్నవాటిని పక్కన పోసేవారు. అలా పోసిన రాళ్లు వందల ఏళ్లకు గుట్టలు గుట్టలుగా పెరిగాయి. ఆ చెత్తరాళ్ల నిండా ఏమున్నది? పైరైటు! నిద్రపోయే పిల్లవాణ్ణి పైకి ఎత్తుకువచ్చి, వెయ్యి ముక్కలు చేసి, వానలో నిలబెట్టినట్టయింది.

గుట్ట లోపల ఏం జరుగుతుంది?

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఇది నాలుగు మెట్ల కథ.

మొదటి మెట్టు. వాననీరు, గాలిలోని ఆమ్లజని పైరైటును తాకుతాయి. గంధకం ఆమ్లజనితోనూ నీటితోనూ కలిసి గంధకామ్లం అవుతుంది. ఇనుము కూడా నీటిలో కరిగి, లేత ఆకుపచ్చని లవణంగా ఏర్పడుతుంది. ఆ లవణం మనకు కొత్తది కాదు. దాని పేరు అన్నభేది. పూర్వం మనవాళ్లు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి నల్లని సిరా చేసుకునేవారు. మీ తాతగారిని అడిగితే చెబుతారు.

రెండవ మెట్టు. అన్నభేదిలోని ఇనుమును ఫెర్రస్ ఇనుము అంటారు. దానికి మరికొంచెం ఆమ్లజని పని తగిలితే ఫెర్రిక్ ఇనుము అవుతుంది. ఫెర్రిక్ ఇనుము మహా ఆకలిగొట్టుది. గాలి చొరలేని చోటికి కూడా అది నీటితోపాటు దిగి, పైరైటు మీద పడి కొరుకుతుంది. కొరకగానే మళ్లీ ఫెర్రస్ గా మారిపోతుంది. మరికొంత ఆమ్లం పుడుతుంది.

మూడవ మెట్టు. ఆ ఫెర్రస్ ఇనుము మళ్లీ ఫెర్రిక్ గా మారాలి. లేకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది. నీరు పుల్లగా ఉన్నచోట ఈ మార్పు దానంతట అది బహు నిదానంగా జరుగుతుంది. కాబట్టి గుట్టలోని తుప్పు కూడా నత్తనడక నడవాలి గదా? కాని అలా నడవలేదు, పరుగెత్తింది! దీనికి కారణం ఏమిటో చాలా కాలం ఎవరికీ అంతుపట్టలేదు.

1947లో అమెరికా దేశంలో కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ గుట్టు బయటపెట్టారు. వారు పశ్చిమ వర్జీనియా బొగ్గుగనుల నుంచి కారే పుల్లనీటిని పరీక్షించి, అందులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉన్నాయని చూపారు. మనం అన్నం తిని బలం తెచ్చుకుంటాం. ఆ సూక్ష్మజీవులు ఫెర్రస్ ఇనుమును ఫెర్రిక్ గా మార్చి, అందులోనుంచి వచ్చే శక్తితో బతుకుతాయి! తరవాత వాటికి పెట్టిన పేరులో ‘ఫెర్రోఆక్సిడాన్స్’ అనే మాట ఉన్నది. ఇనుమును ఆమ్లజనితో కలిపేవి అని దాని అర్థం. మామూలు జీవులు చచ్చిపోయే పుల్లనీరే వాటికి ఇష్టం. అవి చేరితే ఈ మార్పు లక్షల రెట్లు వేగంగా సాగుతుంది.

కావడితో నీళ్లు మోసే మనిషిని మీరు చూసే ఉంటారు. ఇనుము అలాంటి కావడివాడు. నిండు కావడితో లోపలికి దిగి, పైరైటు దగ్గర దింపి, ఖాళీ కావడితో తిరిగివస్తాడు. సూక్ష్మజీవులు గట్టున కూర్చుని కావడి మళ్లీ నింపుతాయి. ఆమ్లజని చెరువులాంటిది. చెరువు ఎండేవరకు, లేదా పైరైటు అయిపోయేవరకు, ఈ మోత ఆగదు. ఈ పనిలో వేడి కూడా పుడుతుంది. గుట్ట లోపలి గాలి వేడెక్కి పైకి పోతుంటే, పక్కలనుంచి కొత్తగాలి లోపలికి లాగబడుతుంది. పొగగొట్టం ఉన్న పొయ్యి ఎలా రగులుతుందో అలాగే!

నాలుగవ మెట్టు. ఇనుము కరిగిన పుల్లనీరు గుట్ట అడుగునుంచి కారి, ఏటిలో కలుస్తుంది. ఏటి నీటివల్ల పులుపు తగ్గుతుంది. పులుపు తగ్గితే ఫెర్రిక్ ఇనుము కరిగి ఉండలేదు. మడ్డిగా విడిపోయి అడుగున దిగుతుంది. ఆ మడ్డి పసుపుగా, నారింజపండు రంగుగా, గోధుమరంగుగా ఉంటుంది. మన మేకు మీద ఉన్న తుప్పుకు అది చుట్టమే.

నీటిలో దాగిన మనిషి

ఈ అన్నభేది నీటిని గురించి ఫాలున్ లో ఒక వింత జరిగింది. ఇది మేక కథవంటిది కాదు, చరిత్రలో నమోదైన విషయం.

1677లో మాట్స్ ఇస్రాయెల్సన్ అనే యువకుడు గనిలోకి దిగి తిరిగిరాలేదు. 1719లో కూలీలు, చాలా కాలంగా వాడని ఒక సొరంగంలో నీటిలో ఉన్న ఒక శవాన్ని కనుగొన్నారు. శవం నిన్నో మొన్నో చనిపోయినట్టు ఉన్నది. ముఖం చెడలేదు. ఎవరో మాత్రం ఎవరికీ తెలియలేదు. పైకి తెచ్చి ఊరివారికి చూపితే, ఒక ముసలామె వచ్చి గుర్తుపట్టింది. ఆమె పేరు మార్గరెటా. 42 సంవత్సరాల కిందట ఆమెకు మాట్స్ తో పెళ్లి నిశ్చయమైంది. ఆమె తల నెరిసిపోయింది. అతడు మాత్రం నాటి యువకుడుగానే ఉన్నాడు.

శవం ఎందుకు కుళ్లలేదు? కుళ్లు అనేది కూడా సూక్ష్మజీవుల పనే. మామిడికాయను ఉప్పులో ఊరవేస్తే ఏడాదైనా చెడదు. ఉప్పు ఎక్కువ ఉన్నచోట కుళ్లబెట్టే జీవులు బతకలేవు గనక. ఆ సొరంగంలోని నీటినిండా అన్నభేది ఉన్నది. అందులో ఇనుమును తిని బతికే జీవులు బతుకుతాయేమోగాని, శవాన్ని కుళ్లబెట్టేవి బతకలేవు. మాట్స్ శవాన్ని చాలాకాలం అందరూ చూసేందుకు ఉంచారు. చివరకు 1930లో ఆ ఊరి చర్చి ఆవరణలో పాతిపెట్టారు.

తుప్పు రంగయిన వైనం

ఇక మంచి సంగతి చెబుతాను. ఫాలున్ గుట్టల్లో పడి ఉన్న రాళ్లు నూరేళ్లకూ ఇన్నూరేళ్లకూ మెత్తబడి, పసుపు కలిసిన ఎర్రమట్టి అయ్యాయి. ఊరివారు ఆ మట్టిని పారేయలేదు. నీటితో కడిగి, రాళ్లు ఏరి, తొట్లలో పోసి తేరనిచ్చారు. అడుగున దిగిన మెత్తని మట్టిని ఎండబెట్టి కొలిమిలో కాల్చారు. పసుపురంగు తుప్పులో నూరుపాళ్లకు సుమారు పదిపాళ్లు నీరు బంధించబడి ఉంటుంది. వేడికి ఆ నీరు పోతుంది. పసుపుతుప్పు ఎర్రతుప్పుగా మారుతుంది. కాల్చేకొద్దీ రంగు ముదురుతుంది. లేత ఎరుపు, ముదురు ఎరుపు, ఇంకా కాలిస్తే నలుపు.

ఈ ఎర్రపొడిని నీటిలో వేసి, ధాన్యపు పిండితో గంజిలాగా కాచి, కొంచెం అన్నభేది, అవిసెనూనె కలిపితే చెక్కగోడలకు పూసే రంగు తయారవుతుంది. 16వ శతాబ్దంలో దాన్ని రాజులు, గొప్పవాళ్లు వాడేవారు. తరవాత తరవాత రైతుల ఇళ్లకూ వచ్చింది. 1764 నుంచి ఫాలున్ లో దాన్ని తయారుచేస్తూనే ఉన్నారు. స్వీడన్ పల్లెల చిత్రాల్లో ఎర్రగోడలు, తెల్ల కిటికీలు ఉన్న చెక్క ఇళ్లు కనిపిస్తాయి గదా, ఆ ఎరుపు ఈ గుట్టలదే! ఈ రంగు చెక్కను మూసివేయదు. లోపలి తేమను బయటికి పోనిస్తుంది. అందువల్ల చెక్క తొందరగా చివకదు.

మన ఇళ్లలో అరుగులకు, గోడల అంచులకు పూసే జాజు కూడా జాతికి ఇదే. కొన్ని ఊళ్లలో కావి అంటారు, కొన్నిచోట్ల జేగురు అంటారు. పేరు ఏదైనా అది ఇనపతుప్పే. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనపముక్కలను బెల్లపు నీటిలో నానబెట్టి, కరక్కాయ పట్టించిన బట్టమీద నల్లని గీతలు గీస్తారు. ఇనుము మనకు కత్తులు, నాగళ్లే గాక రంగులు కూడా ఇచ్చిందన్నమాట.

మరో ముఖం

రంగు సంగతి విని, గుట్టలన్నీ మంచివే అనుకోకండి. పుల్లనీరు తాను పుల్లగా ఉండి ఊరుకోదు. దారిలో ఉన్న రాళ్లలోనుంచి రాగి, జింకు, కాడ్మియం, సీసం వంటి లోహాలను కరిగించి వెంట తీసుకుపోతుంది. ఏటి అడుగున దిగిన మడ్డి, చేపగుడ్లనూ అవి తినే చిన్న పురుగులనూ కప్పివేస్తుంది. ఫాలున్ పక్కనే ఉన్న రున్ అనే సరస్సు అడుగు బురదలో ఈ గనినుంచి వచ్చిన లోహాలు వందల ఏళ్లుగా పేరుకుని ఉన్నాయి. ఖనిజాన్ని ఆరుబయట కాల్చేటప్పుడు లేచిన గంధకపు పొగ మరొక బాధ. 1734లో అక్కడికి వెళ్లిన లిన్నేయస్ అనే గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు, ఆ పొగవల్ల చుట్టుపక్కల చెట్టుచేమలు బతకడంలేదని గమనించాడు.

ఫాలున్ గనిని 1992లో మూసివేశారు. 2001లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. గని మూతపడితే గుట్ట పని కూడా ఆగుతుందా? ఆగదు. ఇది చాలా ముఖ్యమైన సంగతి. పనివాళ్లు ఇళ్లకు పోతారు, మరలు ఆగుతాయి, జీతాల పుస్తకం మూసేస్తారు. కాని వాన ఆగదు, గాలి ఆగదు, సూక్ష్మజీవులు సెలవు తీసుకోవు.

ఇంగ్లండులో కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ వీల్ జేన్ అనే తగరపు గనిని 1991లో మూసేశారు. గనిలో ఊరే నీటిని తోడే పంపులను ఆపేశారు. నీరు మెల్లగా లోపల నిండింది. పాత సొరంగాల గోడలమీద ఏర్పడిన అన్నభేదిని, ఆమ్లాన్ని కరిగించుకుంటూ పైకి ఎక్కింది. 1992 జనవరిలో ఒక్కసారిగా బయటికి తన్నుకువచ్చింది. కార్నన్ అనే ఏరు, అది కలిసే సముద్రపాయ నారింజరంగుకు తిరిగాయి. ఆ నీటిని ఆనాటినుంచీ శుద్ధిచేయవలసివస్తున్నది.

మన దేశంలో మేఘాలయలోని జైంతియా కొండల బొగ్గులో గంధకం ఎక్కువ. కొండల్లో ఎలుకబొరియల్లాంటి సన్నని గనులు తవ్వి, బొగ్గును ఏటిగట్ల పక్కన పోశారు. ఏళ్లు పుల్లబడ్డాయి, రాళ్లకు తుప్పురంగు పట్టింది, చాలాచోట్ల చేపలు లేకుండా పోయాయి. 2014లో జాతీయ హరిత న్యాయస్థానం అటువంటి తవ్వకాన్ని నిషేధించింది. మన సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ. అందుచేత ఈ బాధ మనవారికి అంతగా తెలియదు.

మందు ఏమిటి?

రోగం ఎలా పుడుతుందో తెలిస్తే మందు వెతకడం తేలిక. పైరైటు, గాలి, నీరు మూడూ కలిస్తేనే గదా ఆమ్లం పుట్టేది? అందులో ఒకదాన్ని విడదీస్తే చాలు.

గుట్టమీద మెత్తని బంకమట్టి పొరలు పరచి, దానిమీద మంచిమన్ను పోసి గడ్డి పెంచితే, వాననీరు, గాలి లోపలికి దిగడం తగ్గుతుంది. ఇది ఒక పద్ధతి. పిండిచేసిన చెత్తరాతిని నీటి అడుగున ముంచి ఉంచడం మరొకటి. నీటిలో గాలి తక్కువ గనక పైరైటు మళ్లీ నిద్రపోతుంది. కాని నీటిని నిలిపే కట్ట గట్టిగా ఉండాలి సుమా! 1998 ఏప్రిల్ 25న స్పెయిన్ దేశంలో అస్నల్‌కోయార్ గని కట్ట తెగి, పైరైటు కలిసిన బురద గ్వాదియమార్ నదిలోకి వరదలాగా పారింది. దగ్గరలోనే దొన్యానా అనే పక్షుల నెలవు ఉన్నది. బురదను ఎత్తిపోయడానికి నెలలు పట్టింది.

మూడవ పద్ధతి సున్నం. పులుపుకు సున్నం విరుగుడు. గుట్టలో సున్నపురాయి కలిపినా, కారే నీటిలో సున్నం వేసినా పులుపు విరుగుతుంది, ఇనుము, ఇతర లోహాలు మడ్డిగా విడిపోయి అడుగున దిగుతాయి. ఐతే సున్నం అయిపోతే మళ్లీ వేయాలి. ఎంతకాలం? పైరైటు అయిపోయేంతకాలం. ఒక్కొక్కచోట అది మీ మనవళ్ల మనవళ్ల కాలం దాకా కావచ్చు.

అందుకే ఈనాడు తెలివైనవాళ్లు గని తవ్వకముందే రాతిని పరీక్షిస్తారు. ఇందులో పైరైటు ఎంత, సున్నపురాయి ఎంత, తవ్విన రాయిని ఎక్కడ పోయాలి, గని మూసిన తరవాత దాన్ని ఎవరు కనిపెట్టి ఉండాలి, అని ముందే లెక్క వేస్తారు. తవ్వేవాడికి రాగి దక్కుతుంది. లెక్క వేయకపోతే తుప్పునీరు ఏటి దిగువన ఉన్నవాడికి దక్కుతుంది. అది న్యాయం కాదు గదా!

ఆకాశంలోనూ తుప్పే

ఇనుము, గంధకం, పుల్లనీరు కలిసినచోట జారోసైటు అనే పసుపుపచ్చని ఖనిజం ఏర్పడుతుంది. స్పెయిన్ లో హారోసో అనే లోయ పేరుమీద దానికి ఆ పేరు వచ్చింది. గనిగుట్టల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. 2004లో అంగారక గ్రహంమీద తిరిగిన ‘ఆపర్చునిటీ’ అనే యంత్రపు బండి అక్కడి రాళ్లలో జారోసైటును కనుగొన్నది. నీరు లేనిదే జారోసైటు పుట్టదు. కాబట్టి అంగారకుడి మీద ఒకప్పుడు నీరు, అదీ పుల్లని నీరు, ఉండేదని శాస్త్రజ్ఞులు గ్రహించారు. గనిగుట్ట తుప్పును శ్రద్ధగా చదివినవాళ్లకు కోట్ల మైళ్ల దూరంలోని గ్రహం చరిత్ర కూడా కొంత తెలిసింది!

మీరు చేసి చూడండి

ఒక గ్లాసులో నిమ్మరసం పిండి, అందులో కడిగిన కోడిగుడ్డు పెంకు ముక్కలు వేయండి. పెంకు చుట్టూ చిన్న చిన్న బుడగలు లేస్తాయి. పెంకులో ఉన్నది సున్నపురాయి పదార్థమే. ఆమ్లం దాన్ని కరిగిస్తూ, తన పులుపును తాను పోగొట్టుకుంటున్నది. పెంకు ముక్కలు ఎక్కువ వేసి మూడు నాలుగు రోజులు ఉంచండి. బుడగలు ఎప్పుడు ఆగిపోయాయో రాసుకోండి. కొత్త నిమ్మరసం పోస్తే మళ్లీ వస్తాయా? ఆ రసాన్ని మాత్రం రుచి చూడకండి. పారబోసి, చేతులు కడుక్కోండి.

ఇక లెక్క. మీటరు కొలతల రాతిదిమ్మను సెంటీమీటరు ముక్కలు చేస్తే 600 చదరపు మీటర్లు అయింది గదా? మిల్లీమీటరు ముక్కలు చేస్తే ఎన్ని ముక్కలు వస్తాయి? పైభాగం ఎన్ని చదరపు మీటర్లు అవుతుంది? పెద్దవాళ్ల సాయం లేకుండా వేయండి. వేసిన తరవాత మీ నాన్నగారిచేతనో అమ్మచేతనో సరిచూపించుకోండి. జవాబు వచ్చే నెల ఇదే పేజీలో ఇస్తాం.